స్పాన్సర్ ఏమీ అడగలేదు, నేనే తీసేశాను

నేను ఫైనలియర్లో ఉండగా మా కాలేజీ గ్లగ్ (గ్నూ/లైనక్స్ వాడేవాళ్ల బృందం) తరఫున సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ డే చేశాం. ఒక కంపెనీ 40 వేలు ఇచ్చింది. మధ్యాహ్నం భోజనాలు, టీషర్టులు, స్టేజీ వెనక ఫ్లెక్సీ అన్నీ ఆ డబ్బుతోనే. వాళ్లు అమ్మేది ప్రొప్రైటరీ సాఫ్ట్‌వేర్, అంటే కోడ్‌ని ఎవరూ చూసి మార్చుకోకుండా కంపెనీ తన దగ్గరే పెట్టుకునేది, ఆ సంగతి మాకు తెలుసు. షరతులేమీ పెట్టలేదు, ఫ్లెక్సీ మీద లోగో వేస్తే చాలన్నారు.

నేను మాట్లాడాల్సింది పాత తెలుగు ఫైళ్ల గురించి. యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించేలా చేసే ప్రమాణం) వాడకంలోకి రాకముందు డీటీపీ సెంటర్లలో టైప్ చేసిన పుస్తకాలు, పత్రికలు ఎన్నో ఉన్నాయి కదా, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో వాటిని తెరిస్తే ఒక్క ముక్క అర్థం కాదు, ఇంగ్లీషు అక్షరాలూ పిచ్చి గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి, లిబ్రేఆఫీస్ అనే స్వేచ్ఛా ఆఫీస్ సాఫ్ట్‌వేర్లో, ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాని ఓపెన్ ఫార్మాట్‌లో దాచుకోవడం ఎలాగో చూపించాలి. పదకొండో స్లైడులో, ఒక కంపెనీ చేతిలో ఉండే ఫార్మాట్‌ని నమ్ముకుంటే ఏమవుతుందో ఒక ఉదాహరణ పెట్టాను. ఆ ఉదాహరణ మా స్పాన్సర్ గారి సాఫ్ట్‌వేరే. ముందు రోజు రాత్రి ల్యాబులో స్లైడులు చూస్తూ ఒక జూనియర్ అడిగాడు, "అన్నా, రేపు వాళ్లు ముందు వరసలోనే కూర్చుంటారు కదా, ఇది ఉంచుదామంటావా?" అని. నేను నిమిషం కూడా ఆలోచించకుండా డిలీట్ కొట్టేశాను.

ఎవరూ బెదిరించలేదు, ఎవరూ ఫోన్ చేయలేదు. వట్టి మొహమాటం. అన్నం పెట్టినవాళ్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని వాళ్ల తప్పు ఎత్తిచూపడం మన ఇళ్లలో నేర్పించరు, పైగా అలా చేస్తే తిన్నింటి వాసాలు లెక్కపెట్టావంటారు. స్పాన్సర్‌షిప్ గురించి చర్చ వచ్చినప్పుడల్లా అందరూ షరతుల గురించే మాట్లాడతారు. నాకు భయం షరతులు లేని డబ్బంటేనే.

అలాగని కంపెనీల డబ్బు ముట్టుకోకూడదు అనేవాళ్లతో నేను ఏకీభవించలేను. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు, మనకీ వెబ్‌సైట్లకీ మధ్య సమాచారాన్ని రహస్యంగా ఉంచడానికి ఇంటర్నెట్‌లో పెద్ద భాగం ఆధారపడ్డ ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌కి వచ్చే విరాళాలు ఏడాదికి దాదాపు 2,000 డాలర్లేనని లోకానికి తెలిసింది. దాన్ని వాడుకుని వేల కోట్లు సంపాదించిన కంపెనీలు రూపాయి ఇవ్వకపోవడమే అక్కడ అన్యాయం. ఆ తర్వాత, కంపెనీలు సభ్యులుగా ఉండే లైనక్స్ ఫౌండేషన్ ఇలాంటి ప్రాజెక్టుల కోసం నిధి పెడితే గూగుల్, మైక్రోసాఫ్ట్, అమెజాన్, ఫేస్‌బుక్ అన్నీ వచ్చి చేరాయి. తీసుకోవడంలో తప్పేముంది? అది వాళ్లు తీర్చాల్సిన బాకీ.

3డి బొమ్మలు, యానిమేషన్ చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌ని చూడండి. 2002లో దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడితే, వాడేవాళ్లు ఏడు వారాల్లో లక్ష యూరోలు చందాలేసి దాన్ని విడిపించి జీపీఎల్ కిందకి తెచ్చారు, అంటే కోడ్‌ని మార్చి పంచేవాళ్లు దాన్ని తెరిచే ఉంచాలనే స్వేచ్ఛా లైసెన్సు కిందకి. 2019లో ఎపిక్ గేమ్స్ 12 లక్షల డాలర్లు ఇచ్చింది, 2021లో అడోబీ కూడా వాళ్ల నిధిలో చేరింది. ఎవరు ఎంత ఇచ్చినా ఆ కోడ్‌ని ఎవరూ లోపల పెట్టి తాళం వేసుకోలేరు, ఎందుకంటే లైసెన్సు ఒప్పుకోదు. పైగా నెలనెలా కొద్దికొద్దిగా ఇచ్చే మామూలు మనుషులు వేలల్లో ఉన్నారు, ఒక కంపెనీ అలిగి వెళ్లిపోయినా ఇల్లు గడుస్తుంది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ పరిస్థితి అలా లేదు, దాన్ని తయారుచేసే మొజిల్లా ఆదాయంలో సింహభాగం తన పోటీదారైన గూగుల్ నుంచే వస్తుంది. అది చూస్తే నాకు నిజంగా టెన్షన్.

కోడ్‌కి లైసెన్సు కాపలా ఉంటుంది సరే, మనుషులు కూర్చుని మాట్లాడుకునే చోటుకి కాపలా ఎవరు? 2015లో లైనక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటి భాగం) డెవలపర్ క్రిస్టోఫ్ హెల్విగ్, జీపీఎల్‌ని ఉల్లంఘించారంటూ వీఎమ్‌వేర్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద జర్మనీలో కేసు వేశారు, ఖర్చు సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ అనే సంస్థ భరించింది. వీఎమ్‌వేర్ అప్పట్లో లైనక్స్ ఫౌండేషన్‌లో సభ్య కంపెనీ. కన్సర్వెన్సీని నడిపే కారెన్ శాండ్లర్ ఫౌండేషన్ బోర్డుకి పోటీ చేస్తానన్నాక, 2016 జనవరిలో వ్యక్తిగత సభ్యులు బోర్డుకి ప్రతినిధుల్ని ఎన్నుకునే పద్ధతే తీసేశారు. కారణం ఏమైనా కానీ, కెర్నల్ లైసెన్సు మారలేదు, మాట్లాడే కుర్చీ మాత్రం పోయింది. వాలంటీర్లు తయారుచేసే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్‌లో ఈ బాధ లేదు. 2023లో కొచ్చిలో జరిగిన వాళ్ల వార్షిక సభ డెబ్‌కాన్ఫ్‌కి కూడా స్పాన్సర్లు ఉన్నారు, కానీ డెబియన్ నాయకుణ్ని ఏటా ఎన్నుకునే ఓటు డెవలపర్లదే, డబ్బిచ్చిన కంపెనీకి ఓటు లేదు.

అందుకే నా పద్ధతి నేను పెట్టుకున్నాను. సర్వర్లకి, కోడ్ రాసేవాళ్ల జీతాలకి ఎవరిచ్చినా తీసుకోవచ్చు, ఎవరు ఎంత ఇచ్చారో అందరికీ కనిపించేలా రాసిపెట్టాలి. పిల్లలకి నేర్పించే సభకి మాత్రం ప్రొప్రైటరీ కంపెనీ డబ్బు వద్దు. ఫస్టియర్ కుర్రాడు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనే మాట వినడం అదే మొదటిసారి కావచ్చు, ఆ రోజు అక్కడ చెప్పకుండా వదిలేసిన మాట వాడికి మళ్లీ ఎవరు చెబుతారు?

కిందటేడు మా గ్లగ్ సభకి పాత విద్యార్థులం తలా 300 వేసుకున్నాం. పులిహోర, పెరుగన్నం, ఇద్దరు లెక్చరర్ల ఇళ్ల నుంచి వచ్చాయి. ఫ్లెక్సీ లేదు, బ్లాక్‌బోర్డు మీద రంగు చాక్‌పీసులతో పేరు రాశారు. నేను పాత ప్రెజెంటేషనే చూపించాను, ఆ స్లైడుతో సహా.

ఈ ఏడు ఇంకో కంపెనీ వాళ్లు తమంతట తామే స్పాన్సర్ చేస్తామని ముందుకొచ్చారు. సభకి వద్దు, మా తెలుగు అనువాదాల సర్వర్ అద్దె కట్టండి, పేరు దాతల పేజీలో అందరితో పాటు వేస్తాం అని రాశాం. ఇంకా జవాబు లేదు. సర్వర్ గడువు డిసెంబరుతో అయిపోతుంది, ఈలోపు 200 అయినా 500 అయినా వేయగలిగినవాళ్లు నాకు ఒక మాట చెప్పండి.