రైన్‌బర్గ్ లైటింగ్: 40ఎక్స్ దగ్గర మళ్ళీ బూడిద రంగే

నాలుగో రాత్రి కూడా గోవిందా! మైక్రోస్కోప్‌లో కింద రంగు ఫిల్టర్ పెట్టి, బ్యాక్‌గ్రౌండ్ ఒక రంగులో, జీవి ఇంకో రంగులో వచ్చేలా వెలుగివ్వడమే రైన్‌బర్గ్ లైటింగ్.

10ఎక్స్ ఆబ్జెక్టివ్‌లో (స్లైడ్ దగ్గరుండే లెన్స్) వోల్వాక్స్ అనే బంతిలాంటి నాచు మొదటి దెబ్బకే కుదిరింది. ముదురు నీలం మీద బంగారు బంతులు. దాని సంగతి అంతే. ఏడుపంతా 40ఎక్స్‌తోనే.

ఆ ఆబ్జెక్టివ్ ఎన్.ఏ. (వెలుగుని ఎంత వెడల్పు కోణంలో పట్టుకుంటుందో చెప్పే అంకె) 0.65. ఫిల్టర్ మధ్యలో 16 మి.మీ. నీలం బిళ్ళ, చుట్టూ పసుపు రింగు. బ్యాక్‌గ్రౌండ్ సిరా నీలంలో రావాల్సింది, నీళ్ళపాలలా వచ్చింది. నీలం, పసుపు కలిస్తే ఆకుపచ్చ అనేది రంగుల డబ్బాలో మాట. వెలుగులో ఆ రెండూ కలిస్తే తెలుపు వైపే పోతాయి. అంటే జీవిని తాకి చెదిరి మాత్రమే రావాల్సిన రింగు వెలుగు నేరుగా ఆబ్జెక్టివ్‌లోకి దూరుతోంది.

ఐపీస్ పీకి ట్యూబులోకి చూస్తే దొంగ దొరికాడు: నీలం వృత్తం కుడి అంచున, కత్తిరించిన గోరంత పసుపు వంక. బిళ్ళ జరిగిందేమోనని ఫిల్టర్ పావు చుట్టు తిప్పాను. వంక కదల్లేదు! తప్పు బిళ్ళదైతే దాంతోపాటే తిరగాలిగా. కాబట్టి వెలుగుని స్లైడ్ మీదికి కూర్చే కింది లెన్స్, అంటే కండెన్సరే పక్కకుంది. దీనికేమో సెంటరింగ్ స్క్రూలు లేవు.

18 మి.మీ. బిళ్ళతో వంక సన్నబడింది, పోలేదు. 20కి పోయింది, నీలం అదిరింది, కానీ పారమీసియం (నీళ్ళలో ఈదే ఏకకణ జీవి) కొడిగట్టిన దీపమైంది. నూనె లేని కండెన్సర్‌లో అంత బిళ్ళ పెట్టాక రింగుకి మిగిలే చోటే తక్కువ, అదే కారణమనుకుంటా. షట్టర్ 1/250 నుంచి 1/15కి దిగింది. సెకనుకి దాదాపు 1 మి.మీ. ఈదే ప్రాణి ఆ లోపు 0.07 మి.మీ. జరిగిపోతుంది, దాని ఒళ్ళే 0.2. ఫోటోలో పసుపు పొగ.

ఈత నెమ్మదించడానికి వేసే చిక్కటి మిథైల్ సెల్యులోజ్ నాకు పడదు, జీవి జిగురులో ఇరుక్కున్న ఈగలా కనిపిస్తుంది. దూది పోగుల మధ్య ఆపడమే అందం. బ్లాటింగ్ పేపర్‌తో నీళ్ళు లాగితే కాస్త ఎక్కువై, పాపం, ఒకటి నా కళ్ళముందే చిట్లిపోయింది.

నిన్న 18 బిళ్ళనే 1 మి.మీ. పక్కకి జరిపి టేపు వేశా. ఎటు జరపాలో రెండుసార్లు తప్పాక వంక మాయమైంది. అయినా ఫ్రేములో పై ఎడమ మూల బూడిదగానే ఉంది. కండెన్సర్ అర మి.మీ. దించితే ఇంకా పెరిగింది. ఐరిస్ (కండెన్సర్ కింద వెలుగుని అదుపు చేసే కంత) పూర్తిగా తెరిచే ఉంది. అక్కడ నీటి పొర మందంగా ఉందా, లేక కవర్‌స్లిప్ కింద ఎక్కడైనా బుడగ ఉందా?

1896లో జూలియస్ రైన్‌బర్గ్ ఈ పద్ధతి చూపించినప్పుడు ఎన్ని బిళ్ళలు కోసి పారేశాడో!

ఈ వారం ల్యాంప్ చోట ఫ్లాష్ పెట్టి చూస్తా. అప్పుడు 20 బిళ్ళకి కూడా వెలుగు చాలొచ్చు. ఈలోగా పరుగెత్తని డయాటమ్‌లతో (గాజులాంటి పెంకున్న ఏకకణ నాచు) వేర్వేరు ఫోకస్‌లలో తీసి కలిపే 40 ఫ్రేముల స్టాక్ ఒకటి. అది మాత్రం జెరీన్ అనే స్టాకింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే. సన్నని గీతల దగ్గర నాకు హెలికాన్ కంటే అదే నచ్చుతుంది. ఎరుపు బిళ్ళ, ఆకుపచ్చ రింగు కూడా కోసి పెట్టుకున్నా.