పెరటి కొళాయికి స్ప్రింక్లర్లు: ముందు బకెట్, తర్వాతే బజారు

స్ప్రింక్లర్ కొని తెచ్చి పెరటి కొళాయికి బిగిస్తే చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. తల పైకి లేవదు, లేచినా నీళ్లు అడుగు దూరంలోనే పడి మడుగు కడతాయి. సామాను నాసిరకమని వాపసు ఇచ్చేస్తారు. చాలాసార్లు లోపం సామానులో ఉండదు, మిద్దె మీది ట్యాంకు ఎత్తు చాలకపోవడంలో ఉంటుంది.

నీళ్లు ఒక మీటరు ఎత్తున ఉంటే కింద వచ్చే ప్రెషర్ 0.1 కేజీ (చదరపు సెంటీమీటరుకు; కొట్లలో ఉత్త 'కేజీ' అనే అంటారు). పైన ఒక అంతస్తు ఉన్న ఇంట్లో, దిమ్మె కట్టి ట్యాంకు పెట్టినా, నేల దగ్గరి కొళాయికి 7, 8 మీటర్ల ఎత్తు దొరుకుతుంది. అంటే 0.7 నుంచి 0.8 కేజీ. పచ్చికలో దాగి ఉండి నీళ్లు రాగానే లేచే పాప్-అప్ హెడ్‌కు 2 కేజీలు కావాలి. గుండ్రంగా తిరిగే రోటర్లకు ఇంకాస్త ఎక్కువే. కంపెనీ మార్చినంత మాత్రాన ఈ లెక్క మారదు.

అందుకే బజారుకు వెళ్లే ముందు 20 లీటర్ల బకెట్ కొళాయి కింద పెట్టండి. పూర్తిగా తిప్పి, ఫోన్‌లో సమయం చూడండి. 60 సెకన్లలో నిండితే గంటకు 1200 లీటర్లు. ఇప్పుడు ఇంట్లో ఇంకో కొళాయి కూడా తిప్పి మళ్లీ కొలవండి, ఆ రెండో అంకెనే నమ్మండి. అందులోనూ సగమే మీ తోటకు వస్తుందనుకోండి. బకెట్‌లో పడేటప్పుడు నీటికి అడ్డే లేదు, నాజిల్ సన్నటి రంధ్రంలోంచి దూరాలంటే ఉంటుంది.

మోటారు పెట్టే ఉద్దేశం లేకపోతే పాప్-అప్‌లు మరిచిపోయి మైక్రో స్ప్రింక్లర్లు (చిన్నగా చిమ్మేవి), డ్రిప్పర్లు (చుక్కలుగా వదిలేవి) తీసుకోండి. కుండీలకు, పూలమొక్కలకు, కూరగాయల మడులకు అవి చాలు. ఒక్క విషయం: డబ్బా మీద గంటకు 40 లీటర్లు అని ఉంటే అది సాధారణంగా 1.5 కేజీల దగ్గర. పైపులు, ఫిల్టర్ దాటాక మీకు మిగిలే 0.6 కేజీ దగ్గర 25 లీటర్లే వస్తాయి, నీళ్లు పడే చుట్టుకొలత కూడా తగ్గుతుంది. దగ్గర దగ్గరగా పెట్టండి, ఒకదాని నీళ్లు పక్కదాని మొదలు దాకా చేరాలి. 16 ఎం.ఎం. పైపు ఒక్కదాని మీద గంటకు 300–400 లీటర్లు దాటనివ్వొద్దు. దాటితే చివరి మొక్కలు ఎండుతాయి. పైపు నల్లదే కొనండి. తెల్లదాంట్లోకి వెలుతురు దూరి నాచు పడుతుంది.

పచ్చికకు పాప్-అప్‌లే కావాలంటే మోటారు తప్పదు. 15 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు ఉన్న లాన్‌కు నాలుగు మూలలా నాలుగు పావు-వృత్తపు హెడ్‌లు పెడితే, 2 కేజీల దగ్గర ఒక్కోటి నిమిషానికి మూడున్నర లీటర్లు తాగుతుంది. మొత్తం గంటకు 840 లీటర్లు. ఆ ప్రెషర్ దగ్గర అంత నీరు ఇవ్వగలదా అని మోటారు చార్టులో చూసుకుని కొనండి, హెచ్.పి. ఒక్కటే చూసి కాదు. దానికి ట్యాంకు నుంచి విడిగా ఒక ఇంచు లైను దింపండి. బాత్‌రూముల లైనుకే తగిలిస్తే మోటారు ఆ నీటినీ లాగేస్తుంది, పైన ఎవరైనా షవర్ తిప్పితే గాలి పీల్చి గరగరలాడుతుంది. ట్యాంకు ఖాళీ అయితే ఆగిపోయేలా ఫ్లోట్ స్విచ్ ఉండాలి. వీధిలోంచి వచ్చే మున్సిపల్ నల్లాకు మోటారు అస్సలు తగిలించొద్దు. అది నిబంధనలకు విరుద్ధం. పైగా అది పక్కింటి నీళ్లు లాగడమే.

కొళాయికి నేరుగా తగిలించే కంటే, కొళాయి వెనక టీ (మూడు దారుల పైపు ముక్క) వేసి తోటకు విడి లైను తీయడమే నా దృష్టిలో మంచి పని. బకెట్‌కు కొళాయి మిగులుతుంది, ప్లాస్టిక్ కనెక్టర్ ఊడిపోయే బెడద ఉండదు. టీ తర్వాత బాల్ వాల్వ్, ఆపైన ఎన్.ఆర్.వి. (నీటిని వెనక్కి రానివ్వని వాల్వ్), ఫిల్టర్, టైమర్, చివర పైపు. ఈ వరస మార్చొద్దు. ఎన్.ఆర్.వి. మీది బాణం తోట వైపు చూడాలి. ట్యాంకు ఖాళీ అయి కింది కొళాయి ఎవరైనా తిప్పితే, బురదలో పడున్న పైపు ఎరువు కలిసిన నీటిని వెనక్కి ఇంట్లోకి పీల్చుకోగలదు. దాన్ని ఆపేది ఈ ఎన్.ఆర్.వి.యే. మోటారు లేని లైనుకు స్ప్రింగు రకం కాకుండా రెక్క రకం తీసుకోండి, ప్రెషర్ తక్కువ తింటుంది.

టైమర్ దగ్గర చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. సోలనాయిడ్ (కరెంటు అయస్కాంతం), డయాఫ్రమ్ (రబ్బరు పొర) ఉన్నవి తెరుచుకోవాలంటే కనీస ప్రెషర్ కావాలి. ట్యాంకు నీటికి కొన్ని తెరుచుకోవు, కొన్ని పూర్తిగా మూసుకోవు. లోపల బాల్ వాల్వ్ తిరిగే రకం సున్నా ప్రెషర్‌కూ పనిచేస్తుంది. కొనేటప్పుడు అదే అడగండి.

పైపు మరలు (థ్రెడ్లు) ఉన్న చోట టెఫ్లాన్ టేపు ఎదురుగా చూస్తూ గడియారం ముల్లు తిరిగే వైపే చుట్టాలి, లాగి పట్టుకుని 8, 10 చుట్లు. వెనక వైపు చుడితే బిగించేటప్పుడు టేపు మడతపడి పోగులు పోగులుగా బయటికి వస్తుంది, అక్కడే చెమ్మ కారుతుంది. పి.వి.సి. అతుకు వేసిన రోజు నీళ్లు వదలకండి, ఒక రాత్రి ఆరనివ్వండి.

పైపుకు రంధ్రాలు వేశాక ఎండ్ క్యాప్ తీసి రెండు నిమిషాలు నీళ్లు పారించండి. డ్రిల్లు చేసినప్పుడు రాలిన ప్లాస్టిక్ తురుము ఆ నీళ్లలో పోతుంది. ఇది మానేస్తే మొదటి వారంలోనే సగం నాజిళ్లు మూసుకుపోతాయి. ఫిల్టర్ జాలీ 120 మెష్ ఉండాలి, వారానికోసారి బ్రష్‌తో కడగాలి. బోరు నీళ్లయితే నాజిల్ మూతి దగ్గర సున్నంలా తెల్లటి పొర కడుతుంది. సూదితో పొడిస్తే రంధ్రం పెద్దదైపోయి నీళ్లు ఒక పక్కకే పడతాయి. ఊడదీసి వెనిగర్‌లో గానీ, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో గానీ రాత్రంతా నానబెట్టండి, పొర దానంతటదే వదులుతుంది.

అమెరికాలో ఉన్నవాళ్లకు కష్టం తలకిందులు. అక్కడ ప్రెషర్ ఎక్కువ, డ్రిప్‌కు ప్రెషర్ తగ్గించే రెగ్యులేటర్ పెట్టాలి. బయటి కొళాయికి, నీటిని వెనక్కి పీల్చనివ్వని వాక్యూమ్ బ్రేకర్ కావాలి. చలి ప్రాంతాల్లో గడ్డకట్టే రోజులు రాకముందే పైపుల్లో నీరంతా తీసేయాలి, లేకపోతే పైపు పగులుతుంది.

ఎంతసేపు వదలాలనేది ఊహించొద్దు. ఒకే సైజు డబ్బాలు ఐదారు లాన్‌లో అక్కడక్కడా పెట్టి 5 నిమిషాలు తిప్పి, స్కేలుతో లోతు చూడండి. ఎండాకాలం పచ్చికకు రోజుకు 5 మి.మీ. దాకా పడుతుంది, అంటే చదరపు మీటరుకు 5 లీటర్లు. పైన చెప్పిన నాలుగు పాప్-అప్‌లు అంత నీటిని ఏడెనిమిది నిమిషాల్లో ఇచ్చేస్తాయి. నల్లరేగడి నేల అంత వేగంగా పీల్చదు, నీళ్లు గేటు దాకా పారతాయి. నాలుగేసి నిమిషాలు రెండు విడతలుగా, మధ్యలో అరగంట ఆపి పెట్టండి. తెల్లవారుజామున 5 గంటలకు పెడితే గాలీ తక్కువ, ఆవిరీ తక్కువ. వానలు మొదలయ్యాక మాత్రం టైమర్ ఆపేయండి.