ఏ దేవుడు అడిగాడు?

నాంపల్లి యూసుఫైన్ దర్గాలో నా ముందు ఒక పెద్దావిడ నిలబడింది. నుదుటిన కుంకుమ, చేతిలో గులాబీల బుట్ట, తలమీద కొంగు. కళ్లు మూసుకుని ఏదో మొక్కుకుంటోంది. ఆవిడది ఏ మతమని అక్కడ ఎవరూ అడగలేదు. నాకు తెలిసిన భక్తి అదే.

ఇదే ఊళ్లో 2007 మే 18న మక్కా మసీదులో జుమ్మా నమాజు వేళ బాంబు పేలింది. ఆగస్టు 25న లుంబినీ పార్కులో, కోఠి గోకుల్ చాట్‌లో పేలాయి. పానీపూరీ తినడానికొచ్చిన పిల్లలు ఏం పాపం చేశారండీ? తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

అంతరాత్మ స్వేచ్ఛ రాజ్యాంగం 25వ అధికరణలోనే ఉంది. నా మొక్కుకి ఏ సంఘం అనుమతీ అక్కర్లేదు. ఫలానా మతంవాళ్ల దగ్గర కూరగాయలు కొనొద్దని మా కాలనీ గ్రూపులో మెసేజ్‌లు పెట్టేవాళ్లకి ఇదే చెప్తున్నాను: నేను కొంటాను.