చలిలో ఫొటోలు తీసేవాళ్లు ఎలాంటి గ్లోవ్స్ కొనాలి?

పక్షుల ఫొటోలు తీయడమంటే చాలావరకు ఎదురుచూడటమే. తెల్లవారకముందే నీళ్ల ఒడ్డున ట్రైపాడ్ నిలబెట్టుకుని కూర్చుంటాను. షట్టర్ నొక్కేది కొద్ది క్షణాలే. మిగతా సేపు చేతులకి పనుండదు, ఊరికే ఉన్న చేతుల్నే చలి ముందు పట్టుకుంటుంది. అందుకే ఎవరైనా గ్లోవ్స్ గురించి అడిగితే, ఫొటో తీయనప్పుడు చేతులకి ఏం వేసుకుంటారో ముందు ఆలోచించుకోమంటాను.

నేను వాడేది రెండు పొరల పద్ధతి. లోపల మెరీనో గొర్రెల ఉన్నితో చేసిన పల్చటి లైనర్, అంటే లోపలి గ్లోవ్, పైన వదులుగా పెద్ద మిట్టెన్. మిట్టెన్‌లో నాలుగు వేళ్లూ ఒకేచోట ఉంటాయి, ఒకదాని వేడి ఇంకోదానికి అందుతుంది. వేలికో గది ఉన్న గ్లోవ్‌లో ఏ వేలికావేలు విడిగా చల్లబడుతుంది. పక్షి కదలగానే మిట్టెన్ లాగేస్తాను. అది మణికట్టుకి కట్టిన తాడుకి వేలాడుతూ ఉంటుంది, కింద పడదు. లైనర్ వేళ్లతోనే డయల్ తిప్పి, ఫోకస్ చూసుకుని, నాలుగు ఫ్రేములు తీసి మళ్లీ చెయ్యి లోపల పెట్టేస్తాను. తాడు లేని మిట్టెన్ ఎంత వెచ్చగా ఉన్నా నేను కొనను.

బొటనవేలు, చూపుడు వేలు కొసలు మాత్రం తెరుచుకునే ఫొటోగ్రఫీ గ్లోవ్స్ కూడా దొరుకుతాయి. నార్వే కంపెనీ వాలరెట్ ఇలాంటివే చేస్తుంది. నడుస్తూ ఆగకుండా ఫొటోలు తీసేవాళ్లకి ఇవి బాగా పనికొస్తాయి. నాలాగా ఒకేచోట కదలకుండా కూర్చునేవాళ్లకైతే మిట్టెనే మేలు.

సైజు దగ్గర చాలామంది బిర్రుగా ఉన్నవి తీసుకుంటారు, బటన్లు బాగా తెలుస్తాయని. కానీ వెచ్చదనమంతా లోపల నిలిచిన గాలిలోనే ఉంది. బిర్రుగా ఉంటే ఆ గాలికి చోటుండదు, పైగా రక్తం సరిగ్గా ఆడదు. లైనర్ వేసుకునే మిట్టెన్ సైజు చూసుకోవాలి, పిడికిలి బిగించినా ఇంకా కాస్త ఖాళీ ఉండాలి. వీలైతే కొనేటప్పుడు కెమెరా వెంట తీసుకెళ్లండి. లైనర్ వేసుకుని, కళ్లు మూసుకుని ఐఎస్ఓ (కెమెరా వెలుతురుకి ఎంతగా స్పందించాలో చెప్పే సెట్టింగ్) మార్చండి. బ్యాటరీ తీసి పెట్టండి. మెమరీ కార్డు బయటికి లాగండి. కార్డు దగ్గర తడబడితే ఆ లైనర్ మందం ఎక్కువన్నమాట. టచ్‌స్క్రీన్ వాడేవాళ్లు వేలి కొసల్లో విద్యుత్తు ప్రసరించే దారం ఉందో లేదో కూడా చూసుకోవాలి, మామూలు ఉన్ని వేలిని స్క్రీన్ గుర్తించదు.

నూలు లైనర్లు మాత్రం వద్దు. చెమటకి తడిస్తే ఆరవు, ఆ తడే వేడిని లాగేస్తుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చగానే ఉంటుంది.

గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మైనస్ 10 డిగ్రీల చలిలో గంటకి 30 కిలోమీటర్ల గాలి తోడైతే ఒంటికి మైనస్ 20 లాగా తగులుతుంది. అలాంటిచోట మిట్టెన్ పై బట్ట గాలిని ఆపేదై ఉండాలి. ట్రైపాడ్ విషయం కూడా అంతే. అల్యూమినియం కాళ్లు వట్టి చేత్తో పట్టుకుంటే వేడంతా అందులోకి పోతుంది, వాటికి ఫోమ్ చుట్టి ఉంచుకోండి.

ఇంకో సంగతి. ఒళ్లు చల్లబడితే శరీరం ముందు చేతులకీ కాళ్లకీ రక్తం తగ్గించి, లోపలి అవయవాలని కాపాడుకుంటుంది. తలకి టోపీ, మణికట్టు దాకా దిగే చేతులున్న స్వెటర్ లేకపోతే ఎంత మంచి గ్లోవ్ వేసుకున్నా వేళ్లు కొంకర్లు పోతాయి. వేలి కొస తెల్లబడి స్పర్శ తెలియకపోతే ఫొటో సంగతి పక్కనపెట్టి, వెంటనే చెయ్యి చంకలో పెట్టుకోండి. మంచుతో రుద్దకూడదు, అసలు ఏ రకంగానూ రుద్దకూడదు. ఎంతకీ స్పర్శ తిరిగి రాకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

మిట్టెన్‌లో పెట్టుకునే వేడి ప్యాకెట్లు నాకు ఇష్టం. వాటిలోని ఇనుప పొడి గాలి తగిలి వేడెక్కుతుంది కాబట్టి, వాడే ముందు కాసేపు బయట ఉంచి అప్పుడు లోపల పెట్టుకోవాలి. చర్మానికి నేరుగా తగలకుండా లైనర్ మీద, అరచేతి వెనక వైపు పెడతాను. అరచేతి వైపు పెడితే కెమెరా పట్టుకోవడానికి అడ్డొస్తుంది. వీటితో పాటు బ్యాగులో పొడి లైనర్ల జత ఇంకొకటి పెట్టుకుంటాను, ఒకటి తడిస్తే మార్చుకోవడానికి.