నాలుగో తరగతి చదివానని నిరూపించుకున్నాను

ఈరోజు ప్రొవిజనల్ మెరిట్ జాబితాలో నా పేరు కనిపించింది. బోధనాసుపత్రిలో స్టాఫ్ నర్సు పోస్టు, కాంట్రాక్టు పద్ధతిలో. కోపం చల్లారకముందే ఇది రాసేస్తున్నాను.

అర్హతల దగ్గర చిక్కు రాలేదు. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) సర్టిఫికెట్, మార్కుల జాబితాలు, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ అన్నీ సిద్ధంగా ఉన్నాయి. రిజిస్ట్రేషన్ గడువు మాత్రం ముందే చూసుకోండి. వరుసలో నా ముందున్న అమ్మాయిది దాటిపోయిందని అక్కడికక్కడే వెనక్కి పంపారు.

ఎంపికకు పరీక్ష లేదు. 75 మార్కులు కోర్సులో వచ్చిన మార్కులకు, 10 మార్కులు కోర్సు పాసయ్యాక గడిచిన సంవత్సరాలకు, 15 కాంట్రాక్టు, కోవిడ్ సేవలకు. సూది గుచ్చే చేతికి ఒక్కటీ లేదు. రెండు కిలోల పసిబిడ్డకు 24 గేజ్ క్యాన్యులా (నరంలోకి మందు ఎక్కించే సన్నని గొట్టం) ఒక్కసారికే పెడతాను. నరం దొరక్కపోతే పక్క వార్డు వాళ్లు నన్నే పిలుస్తారు. గొప్పకు చెప్పడం లేదు. సరే, గొప్పకే చెబుతున్నాను.

అలాంటి నన్ను నాలుగో తరగతి ముంచింది. స్థానిక అభ్యర్థినని చూపడానికి నాలుగు నుంచి పది వరకు ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు కావాలి. ఆరు నుంచి పదికి మా ఉన్నత పాఠశాలలో ఒక్క పూటలో ఇచ్చారు. నాలుగు, ఐదు చదివింది కర్నూలు పాతబస్తీలో, హంద్రీ నదికి దగ్గరగా ఉన్న చిన్న ప్రైవేటు బడిలో. 2009 అక్టోబరు 2న వచ్చిన వరదలో ఆ బడి రిజిస్టర్లు నానిపోయాయి. తర్వాత బడే మూతపడింది.

ఇదంతా చెబితే, సర్టిఫికెట్ల కోసం వెళ్లిన కార్యాలయంలోని గుమాస్తా తల ఎత్తకుండా, "అందరూ వరద మీదకే నెడతారమ్మా. వరదలో పోయాయని కాగితం ఉందా?" అన్నాడు. కర్నూలులో కూర్చుని కర్నూలు వరదకు రుజువు అడుగుతున్నాడు! ఆ రాత్రి మిద్దె మీద అమ్మ మమ్మల్ని పొదివి పట్టుకుని కూర్చుంది. దానికి కాగితం ఎవరిస్తారు?

మూడోసారి వెళ్లినప్పుడు, "ఇంతకీ నాలుగు చదివావా, మూడు నుంచి నేరుగా ఐదుకు దూకావా?" అన్నాడు. వెనక నిలబడిన వాళ్లు నవ్వారు. మెట్లు దిగి, స్కూటర్ దగ్గర నిలబడి, హెల్మెట్ పెట్టుకున్నాక ఏడ్చాను. కోవిడ్ వార్డులో పీపీఈ కిట్టు లోపల ఏడవడం అలవాటైన ప్రాణం కదా.

దారి చూపింది మా వీధిలో ఉండే రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారు. "ఆరులో చేరేటప్పుడు పాత బడి రికార్డు షీటు, అదే టీసీ లాంటి కాగితం, ఇచ్చి ఉంటావు కదమ్మా. అది మీ హైస్కూల్లోనే ఉంటుంది, వెతికించు" అన్నారు. ఇంత చిన్న మాట చెప్పడానికి ఆ గుమాస్తాకు నోరు రాలేదు. మీరు కూడా కౌంటర్ దగ్గర కాళ్లరిగేలా తిరగకండి, ముందు ఒక పాత మాస్టరును పట్టుకోండి.

హైస్కూలు అటెండరు ఇనప్పెట్టె తెరిచి, దుమ్ము దులిపి, గంటన్నర వెతికాడు. నాలుగు, ఐదు తరగతుల సంవత్సరాలతో, నా పేరుతో, మూలన చెదలు కొట్టిన రికార్డు షీటు దొరికింది. దాని ఆధారంగా సర్టిఫికెట్ వచ్చింది. గుమాస్తా ముద్ర కొట్టాడు, ఈసారి కూడా తల ఎత్తలేదు.

తుది జాబితా ఇంకా రావాలి. రికార్డు షీటుకు పది జిరాక్సులు తీయించి బీరువా కింది అరలో పెట్టబోతుంటే, అమ్మ లాక్కుని పై అరలో పెట్టింది.