బకాయిల రూపంలో వచ్చే కోత

బ్రిటన్‌లో 2010 అక్టోబరులో అప్పటి ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ పార్లమెంటులో నిలబడి ఏ శాఖ ఖర్చు ఎంత తగ్గబోతున్నదో చదివి వినిపించారు. నచ్చినవారు సమర్థించారు, నచ్చనివారు వీధుల్లోకి వచ్చారు. మన తెలుగు రాష్ట్రాల్లో అలాంటి ప్రసంగాలు చాలా అరుదు. నాకు గుర్తున్నంతలో తెలంగాణలో ఒక్కసారి అలాంటిది జరిగింది. 2019 ఫిబ్రవరిలో 1,82,017 కోట్లతో ఓటాన్ అకౌంట్ (తాత్కాలిక) బడ్జెట్ పెట్టిన ప్రభుత్వమే, ఆర్థిక మాంద్యాన్ని కారణంగా చెప్పి, అదే ఏడాది సెప్టెంబరులో దానిని 1,46,492 కోట్లకు కుదించింది. మిగతా సంవత్సరాల్లో బడ్జెట్ పెరుగుతూనే ఉంటుంది, పథకాల జాబితా పొడవవుతూనే ఉంటుంది, కోత అనే మాట ఎవరి నోటా వినిపించదు. కానీ కోత మాత్రం ఆగదు. ఇవ్వవలసిన డబ్బును ఇవ్వబోమని చెప్పకుండా, ఇవ్వకుండా ఉండటమే మన దగ్గర ఖర్చు తగ్గించే పద్ధతి. అలా ఆగిన డబ్బుకు వడ్డీ కట్టేది సామాన్యుల ఇళ్లేనని, ఆ వడ్డీ ఏ ప్రభుత్వ లెక్కలోనూ కనిపించదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఈ పద్ధతి ఎలా నడుస్తుందో కొంత దగ్గరి నుంచి చూశాను. 2019లో రిటైరయ్యే వరకు ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడిగా బిల్లుల మీద సంతకాలు పెట్టినవాణ్ణి. మధ్యాహ్న భోజనానికి పిల్లల హాజరును బట్టి మేము బిల్లు కట్టి మండల విద్యాధికారికి పంపితే, అది ఉప ఖజానా కార్యాలయానికి చేరుతుంది. అక్కడ తనిఖీ అయి టోకెన్ నంబరు పడుతుంది. బయటివారు టోకెన్ పడిందంటే డబ్బు వచ్చినట్టే అనుకుంటారు. నిజానికి అసలు నిరీక్షణ మొదలయ్యేది అప్పుడే. సొమ్ము విడుదల కావలసింది హైదరాబాదు నుంచి. అక్కడ ఏ బిల్లును ముందు వదలాలి, దేన్ని ఆపాలి అన్నది ఆ రోజు ఖజానాలో ఎంత ఉందో, ఆ వారం ఏ పథకానికి తేదీ ప్రకటించారో చూసుకుని నిర్ణయమవుతుంది. మార్చి 31 దాటితే ఆ ఏడాది బడ్జెట్ ల్యాప్స్ అవుతుంది కనుక, అప్పటికీ కదలని బిల్లును కొత్త సంవత్సరంలో మళ్లీ మొదటి నుంచి కట్టాలి.

ఇందులో ఒక సాంకేతిక విషయం ఉంది, దాన్ని గ్రహిస్తే మిగతాదంతా సులువుగా బోధపడుతుంది. మన ప్రభుత్వాల ఖాతాలు నగదు పద్ధతిలో నడుస్తాయి. డబ్బు చేతులు మారిన రోజే అది ఖర్చుగా నమోదవుతుంది. పని జరిగిపోయినా, సరుకు వాడేసినా, బిల్లు పాసైనా, చెల్లింపు జరగనంత కాలం అది ఖర్చూ కాదు, అప్పూ కాదు. ద్రవ్య లోటు, అంటే రాబడికి మించిన ఖర్చు కోసం చేసే అప్పు, రాష్ట్ర ఉత్పత్తిలో 3 శాతం దాటకూడదన్న నియమాన్ని పాటించవలసి వచ్చినప్పుడు, మార్చి నెలలో కొన్ని వేల కోట్ల బిల్లులను ఏప్రిల్‌కు నెట్టివేయడం కంటే తేలికైన ఉపాయం ఏ ఆర్థిక కార్యదర్శికీ దొరకదు. రిజర్వు బ్యాంకు ద్వారా తీసుకున్న అప్పుకు వడ్డీ లెక్క ఉంటుంది, దానిపై పత్రికల్లో చర్చా ఉంటుంది. వంట చేసిన మనిషి దగ్గర తీసుకున్న అప్పుకు ఏదీ ఉండదు.

ఆ వంట మనిషి సంగతే చెబుతాను. బడుల్లో వంట చేసే మహిళలకు నెలకు 1,000 రూపాయల గౌరవ వేతనం, అదీ ఏడాదికి 10 నెలలకే ఇవ్వాలని కేంద్రం 2009లో నిర్ణయించింది. అందులో కేంద్రం వాటా 2015 తరువాత 600. ఆ 1,000 అంకె మాత్రం ఏళ్ల తరబడి మారలేదు. రెండు తెలుగు రాష్ట్రాలూ తమ వంతు కలిపి దాన్ని 3,000కు పెంచాయి. అయితే వారి కష్టం గౌరవ వేతనంతో తీరేది కాదు. తెలంగాణలో బియ్యం ప్రభుత్వం ఇస్తుంది, కానీ పప్పు, నూనె, కూరగాయలు, గుడ్లు వంట ఏజెన్సీ పేరుతో ఆ మహిళలే కొని వండి పెట్టి, తరువాత బిల్లు రూపంలో రాబట్టుకోవాలి. అంటే పిల్లల భోజనానికి ముందుగా పెట్టుబడి పెట్టేది ఊళ్లో అందరికంటే తక్కువ సంపాదించే ఇంటి ఆడమనిషి. మా బడిలో ఏజెన్సీ నడిపిన అక్క ఒక ఏడాది దసరా సెలవుల ముందు నా గదిలోకి వచ్చి, "సారూ, సేటు ఇగ ఉద్దెర ఇయ్యనంటుండు, పాతదంతా కడితేనే నూనె డబ్బా ముట్టనిస్తడట" అన్నది. కిరాణా సేటును తప్పు పట్టడానికి లేదు, అతడు కూడా పట్నంలో హోల్‌సేల్ వ్యాపారికి కట్టాలి. ఆమె మహిళా సంఘంలో తన పేరిట అప్పు తీసుకుని పాత బాకీ కొంత తీర్చింది. బిల్లు వచ్చాక సంఘం అప్పు అసలు తీరింది, వడ్డీ మాత్రం ఆమె కూలిలోంచే పోయింది.

ఇటువంటి చోట కోత నేరుగా పళ్లెంలోకి కూడా వస్తుంది. వారానికి 3 గుడ్లు పెట్టాలన్నది తెలంగాణలో నిబంధన. చలికాలంలో బయట గుడ్డు ధర 7 రూపాయలు దాటి, ప్రభుత్వమిచ్చే ధర దానికి చాలక, ఆ చాలని ధర కూడా నెలల తరబడి రాకపోతే, పప్పు పలచబడుతుంది, మూడో గుడ్డు ఏదో ఒక వంకతో మాయమవుతుంది. తనిఖీకి వచ్చిన అధికారి ఏజెన్సీకి నోటీసు ఇస్తారు. బిల్లు ఎన్ని నెలలుగా ఆగిందన్న వివరం ఆ నోటీసులో ఉండదు. అలాంటి నోటీసుల కింద నేనూ సంతకం పెట్టవలసి వచ్చింది, అది వేరే కథ.

తెలంగాణ సర్పంచుల పరిస్థితి అందరికీ తెలిసినదే కనుక క్లుప్తంగా చెబుతాను. వైకుంఠధామాలు (శ్మశానవాటికలు), రైతు వేదికలు, పల్లె ప్రకృతి వనాలు గడువులోగా పూర్తి కావాలని పై నుంచి ఒత్తిడి వస్తే, చాలామంది సొంత పూచీకత్తు మీద అప్పు తెచ్చి కట్టించారు. 2024 ఆరంభంలో వారి పదవీకాలం ముగిసింది, బిల్లులు మిగిలాయి. మాజీ సర్పంచులు అసెంబ్లీ ముట్టడికి బయలుదేరడం, పోలీసులు తెల్లవారకముందే ఇళ్ల దగ్గర అదుపులోకి తీసుకోవడం వార్తల్లో చూశాం.

ఉద్యోగాల మీద పడిన ప్రభావం ఇంకా లోతైనది, ఎందుకంటే అక్కడ వాయిదా వేసింది డబ్బును మాత్రమే కాదు. తెలంగాణలో ఉద్యోగుల పదవీ విరమణ వయసును 2021 మార్చిలో 58 నుంచి 61కి పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60కి, 2022లో 62కి పెంచారు. సగటు ఆయుర్దాయం పెరిగిందన్న వాదనలో నిజం లేకపోలేదు. అయితే ఒక ఉద్యోగి దిగిపోయే రోజున ప్రభుత్వం గ్రాట్యుటీ, పెన్షన్ కమ్యుటేషన్ (పింఛనులో కొంత భాగాన్ని ముందుగానే ఒకేసారి తీసుకునే సొమ్ము), 300 రోజుల వరకు సంపాదిత సెలవుల నగదు, జీపీఎఫ్ (భవిష్య నిధి) నిల్వ అన్నీ కలిపి పెద్ద మొత్తం ఒకేసారి చెల్లించాలి. తెలంగాణలో చేసినట్టు వయసు పెంచిన మరుక్షణం ఆ బరువు మూడేళ్ల తరువాతికి జరిగిపోతుంది. అదే మూడేళ్లలో ఖాళీ కావలసిన కుర్చీలు ఖాళీ కావు. తెలంగాణలో 2021 వసంతంలో దిగిపోవలసిన తరం 2024 మార్చి నెలాఖరు నుంచి ఒక్కుమ్మడిగా దిగడం మొదలైంది, మూడేళ్ల క్రితం పక్కన పెట్టిన ఖర్చు అప్పటి ప్రభుత్వం తలమీద పడింది. వాయిదా వేసింది ఒక పార్టీ, ఎదుర్కొన్నది మరొక పార్టీ. మధ్యలో నలిగినది మాత్రం రిటైరైన ఉద్యోగి.

నాతో పనిచేసిన లెక్కల టీచరు ఒకరు 2024లో రిటైరయ్యారు. నాకు 2019లో కొద్ది నెలల్లో అందినవి ఆయనకు ఏడాది దాటినా అందలేదు. కూతురి పెళ్లి ముహూర్తం పెట్టుకున్నది ఆ డబ్బు మీద భరోసాతోనే. చివరికి ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టి పెళ్లి చేశారు. "గ్రాట్యుటీ సర్కారు ఇచ్చేది, ఆగుతా సార్. జీపీఎఫ్ నా జీతంలోంచి నేను దాచుకున్నదే కద, దాన్నెట్ల ఆపుతరు?" అని ఆయన అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. జవాబు ఉన్నది ఖాతాల పద్ధతిలోనే. ఉద్యోగులు దాచుకున్న జీపీఎఫ్ ప్రభుత్వ ఖాతాలోనే ఉంటుంది, ఖజానాలో నగదు లేనప్పుడు అది కూడా వరుసలో నిలబడే ఒక బిల్లే. అలాంటివారు ఎందరో హైకోర్టు మెట్లెక్కారు. కోర్టు చెప్పినవారికి ముందు, మిగిలినవారికి తరువాత అన్న కొత్త వరుస దానితో ఏర్పడింది.

ఇక కుర్చీల సంగతి. తెలంగాణ తొలి వేతన సవరణ సంఘం 2020 చివర ఇచ్చిన నివేదిక ప్రకారం మంజూరైన 4.91 లక్షల పోస్టుల్లో దాదాపు 1.91 లక్షలు ఖాళీ. అంటే సుమారు 39 శాతం. ఏ పోస్టునూ రద్దు చేయనక్కరలేదు, భర్తీ చేయకపోతే చాలు, జీతాల పద్దు తనంతట తానే అదుపులో ఉంటుంది. ఉపాధ్యాయ నియామకాలనే చూడండి. తెలంగాణలో 2017 నోటిఫికేషన్ తరువాత మళ్లీ పరీక్ష జరిగి కొత్త టీచర్లు బడిలో అడుగుపెట్టింది 2024లో, 11,062 పోస్టుల డీఎస్సీ ద్వారా. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తరువాత 2025లో 16,347 పోస్టులకు డీఎస్సీ జరిగింది. ఈ విరామంలో బడులు నడిచింది సర్దుబాట్ల మీద. తెలంగాణలో నెలకు 12,000 రూపాయలకు పాఠం చెప్పిన విద్యా వాలంటీర్లను కరోనాతో బడులు మూతబడిన తరువాత మళ్లీ తీసుకోలేదు. వారిలో బీఈడీ చేసినవారు ఉపాధి హామీ పనికి, ఆటోలకు, కూరగాయల బండ్లకు మళ్లిన సంగతి ఆ రోజుల్లో పత్రికలన్నీ రాశాయి. వారిని తొలగించినట్టు ఏ ఉత్తర్వూ రాలేదు, కొనసాగించే ఉత్తర్వు రాలేదు, అంతే.

ఈ ఏడేళ్ల విరామానికి ఇంటి లెక్కలో ఒక ధర ఉంది. డీఎస్సీ వస్తుందని, గ్రూప్స్ వస్తుందని అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలకు నెలనెలా డబ్బు పంపుతున్నది రెండెకరాల రైతులు, బీడీలు చుట్టే తల్లులు. నోటిఫికేషన్ ఒక ఏడాది ఆలస్యమైతే ప్రభుత్వానికి ఒక ఏడాది జీతం మిగులుతుంది, ఆ ఇంటికి ఒక ఏడాది హాస్టల్ ఖర్చు, కోచింగ్ ఫీజు, పెళ్లి వయసు దాటుతున్న ఆడపిల్ల మీద బంధువుల మాటలు అదనంగా చేరుతాయి.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌లోనూ ఇదే క్రమం. పథకం ప్రకారం ఆ ఫీజు ప్రభుత్వం కాలేజీకి కట్టాలి, విద్యార్థికి సంబంధం లేదు. ఆచరణలో బకాయి పేరుకుపోయిన కాలేజీ, కోర్సు పూర్తయిన విద్యార్థి టీసీ, మెమోలు ఇవ్వకుండా ఆపుతుంది. క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చిన పిల్ల చేరే తేదీలోగా సర్టిఫికెట్లు చూపించాలి. కనుక తండ్రి అప్పు చేసి ఫీజు కట్టి, రశీదు జేబులో పెట్టుకుని, ప్రభుత్వం సొమ్ము వచ్చినప్పుడు కాలేజీ తిరిగి ఇస్తుందన్న ఆశతో ఇంటికి వస్తాడు. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు బకాయిల కోసం బంద్ పాటించాయి. అదే ఏడాది సెప్టెంబరులో ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్ ఆస్పత్రులు కొన్నాళ్లు సేవలు ఆపాయి. 2023 డిసెంబరులో వైద్య పరిమితిని 10 లక్షలకు పెంచుతూ చేసిన ప్రకటనకు వచ్చిన చప్పట్లు ఆ ఆస్పత్రుల కౌంటర్ల దగ్గర చెల్లలేదు.

ప్రభుత్వాలకు ఇబ్బందులు లేవని నేను అనడం లేదు. 2023 డిసెంబరులో కొత్త ప్రభుత్వం ఇచ్చిన శ్వేతపత్రం ప్రకారం తెలంగాణ అప్పులు, ప్రభుత్వ సంస్థల పేరిట తెచ్చిన అప్పులు కలిపి 6.71 లక్షల కోట్లు. ఆ లెక్కతో పాత పాలకులు విభేదించారు, ఆ వాదన వారిది. వడ్డీలు, జీతాలు, పింఛన్లు పోను చేతిలో మిగిలేది తక్కువన్నది మాత్రం ఇద్దరూ కాదనలేని నిజం. నా అభ్యంతరం ఆ తక్కువలో ఎవరిని ముందు నిలబెడుతున్నారన్న దాని మీద. తేదీ ప్రకటించి, బటన్ నొక్కి, ఫ్లెక్సీలు కట్టగలిగిన చెల్లింపులు ఆగవు. ఎవరూ ఫ్లెక్సీ కట్టని గుడ్డు బిల్లు ఆగుతుంది.

ఆలస్యానికి ధర కట్టిన సందర్భాలు లేకపోలేదు. 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరోనా కారణంగా జీతాలలో, పింఛన్లలో కొంత భాగాన్ని వాయిదా వేసినప్పుడు, ఒక విశ్రాంత జిల్లా న్యాయమూర్తి హైకోర్టుకు వెళ్లారు. ఆపిన సొమ్ముకు 12 శాతం వడ్డీ ఇవ్వాలని హైకోర్టు అంటే, 2021లో సుప్రీంకోర్టు దానిని 6 శాతానికి తగ్గించింది గానీ వడ్డీ అక్కరలేదన్న ప్రభుత్వ వాదనను ఒప్పుకోలేదు. ఉపాధి హామీ చట్టం కింద కూడా వేతనం 15 రోజుల్లో అందకపోతే రోజుకు 0.05 శాతం పరిహారం చెల్లించాలన్న నిబంధన ఉండేది. చాలా చోట్ల అది కాగితం మీదే మిగిలిపోయినా, ఆలస్యం అంటే నష్టమేనని చట్టమే ఒప్పుకున్నట్టు. వంట ఏజెన్సీకి, విద్యార్థి తండ్రికి, మాజీ సర్పంచుకు అటువంటి నిబంధన కూడా లేదు, కోర్టుకు వెళ్లే స్తోమత అంతకంటే లేదు.

కనుక నేను కోరేది పెద్ద సంస్కరణ ఏమీ కాదు. బడ్జెట్ పత్రాలతో పాటు ఇంకొక పట్టిక ఇవ్వాలి. టోకెన్ పడి చెల్లింపు జరగని బిల్లులు ఏ శాఖలో ఎన్ని, ఎంత మొత్తం, ఎన్ని నెలలుగా ఆగాయి అన్న వివరం అందులో ఉండాలి. అది ఖజానా కంప్యూటర్లలో ఇప్పటికే ఉన్న సమాచారమే, కొత్తగా ఎవరినీ లెక్కపెట్టమని అడగడం లేదు. నెలకు 3,000 సంపాదించేవారి బిల్లులకైనా ముందు వరుస ఇచ్చి, నిర్ణీత గడువు దాటితే వడ్డీ కలిపి చెల్లించాలి. ఆ పట్టిక వచ్చే వరకు, లోటు ఇన్ని శాతానికే పరిమితమైందని ఆర్థిక మంత్రి ఎవరు చదివినా, ఏ పార్టీవారు చదివినా, నేను ఆ అంకెను సగమే నమ్ముతాను.