బోదె గట్టు మీద

తెల్లవారుజామున మూడింటికే చేనుకి వెళ్ళాను. దాళ్వాకి, అంటే రెండో పంట వరికి, నరసాపురం కాలువ నీళ్ళు వంతుల మీద వదులుతున్నారు, రాత్రి మా బోదె (చేలకి నీళ్ళు తెచ్చే పిల్లకాలువ) వంతు. గట్టు మీద కూర్చుని ఫోన్ వెలుగులో బైబిల్లో ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం తీశాను. సాయంత్రం గృహ కూడికలో నేనే వాక్యం చెప్పాలి.

"నావంటి ప్రవక్తను" దేవుడు పుట్టిస్తాడని మోషే చెప్పిన 15వ వచనం చిన్నప్పుడే కంఠతా వచ్చు. దాని కింది వచనం దగ్గర ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆగలేదు. హోరేబు కొండ దగ్గర దేవుడు మాట్లాడిన ఆ అగ్ని చూసి, ఆ స్వరం మళ్ళీ వింటే చచ్చిపోతామని జనం బతిమాలుకున్నారు. దేవుడు కోప్పడలేదు, వాళ్ళు చెప్పిన మాట మంచిదే అన్నాడు. వాళ్ళ సహోదరుల్లోనుంచే ఒకణ్ణి పుట్టించి, నా మాటలు అతని నోట ఉంచుతానన్నాడు. నిప్పులోంచి వినలేకపోయిన స్వరం, మనుషులతో కలిసి రొట్టె తిన్నవాడి నోట వినబడింది! చీకట్లో ఒక్కణ్ణే ఉన్నాను, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆ ప్రవక్త యేసేనని అపొస్తలుల కార్యములు 3లో పేతురు చెప్పాడు. పూర్వపు ప్రవక్తలు "యెహోవా సెలవిచ్చునదేమనగా" అనేవారు. కొండమీద ప్రసంగంలో యేసు "నేను మీతో చెప్పునదేమనగా" అన్నాడు. కబురు మోసుకొచ్చినవాడు అలా అనలేడు.

బౌడెన్, బీర్ అనే మిషనరీ దొరలు 1836లో ఇండియాకి వచ్చి నరసాపురంలో సువార్త మొదలుపెట్టిన దగ్గర్నుంచి మా బ్రదరెన్ సభల్లో వాక్యానిదే పెద్దపీట. అయినా యాజకుడిగా యేసు రక్తం గురించి పాడతాం, రాజుగా రాకడ గురించి పాడతాం, ప్రవక్త అనేసరికి ప్రవచనం నెరవేరిందని చూపించి దాటేస్తాం. ప్రవక్త అడిగేది వినమనే కదా. మోషే, ఏలీయా యేసు పక్కనే ఉండగా మేఘంలోంచి వచ్చిన మాట కూడా "ఈయన మాట వినుడి" అనే.

మత్తయి 5:22 కూడా "నేను మీతో చెప్పునదేమనగా" అనే మొదలవుతుంది. సహోదరుణ్ణి "వ్యర్థుడా" అనడం గురించి. అక్కడ నా వేలు ఆగిపోయింది. కిందటి వారం తూము దగ్గర పక్క చేను బాబాయిని అంతకన్నా పెద్ద మాటే అన్నాను, అదీ ఆయన మనవడి ముందు.

తెల్లారగానే వాళ్ళింటికి వెళ్ళాను. బాబాయి అరుగు మీద ఉన్నాడు. "ఆ రోజు నోరు జారాను బాబాయ్, తప్పు నాదే" అన్నాను. చాలాసేపు పలకలేదు.

"చివరి మడికి నీళ్ళెక్కాయా?" అన్నాడు.

ఇంకా లేదన్నాను. లేచి పార అందుకున్నాడు.